కొత్త చేప వచ్చిన వేళ

"గొడ్డు వచ్చిన వేళ, బిడ్డ వచ్చిన వేళ" అనేది తెలుగువారి నోట తరచుగా వినిపించే సామెత. ఇంటికి ఒక కొత్త ప్రాణి వచ్చిన తరువాత మేలు జరిగినా, కీడు జరిగినా అందుకు ఆ రాకయే కారణమని భావించడం మానవ సహజం. అక్వేరియంలో చేపలను పెంచేవారి విషయంలోనూ ఇదే జరుగుతుంది. అంతవరకు హాయిగా ఈదుతున్న చేపలు, కొత్త చేపలను వదిలిన కొద్దిరోజులకే నీరసిస్తాయి. ఒకటి రెండు చనిపోయి నీటిపై తేలుతాయి. వెంటనే నింద కొత్త చేపలపై పడుతుంది. దుకాణం నుండి ఏదో ఒక మందు వచ్చి నీటిలో కలుస్తుంది. ఈ తొందరపాటు కొన్నిసార్లు రోగం కంటె ఎక్కువ హాని చేస్తుంది. ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కానేరదు. కారణాన్ని వెదకి, పరీక్షించి, తేల్చుకోవడమే రోగనిర్ణయం.

చేప తన బాధను నోటితో చెప్పుకోలేదు. కాబట్టి దాని పక్షాన మూడు సాక్ష్యాలను మనమే విచారించాలి. అవి కాలం, నీరు, దేహం.

మొదటిది కాలం. కొత్త చేపలను వదిలిన కొన్ని గంటలలోనే అవి తల్లడిల్లితే, అది సాధారణంగా అంటువ్యాధి కాదు. సంచిలోని నీటికి, తొట్టెలోని నీటికి మధ్య ఉష్ణోగ్రతలో గాని, ఆమ్ల క్షార గుణాలలో గాని గల తేడాను శరీరం తట్టుకోలేకపోవడం అందుకు కారణం కావచ్చు. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలను కాల్చడం మరొక కారణం కావచ్చు. ఒకటి రెండు రోజుల నుండి వారం లోపల పాతవీ కొత్తవీ అన్నీ ఒకేసారి బాధపడితే నీరు చెడిందని అనుమానించాలి. నాలుగైదు రోజుల తరువాత ఒక చేపలో లక్షణాలు కనిపించి, క్రమంగా మిగిలినవాటికి వ్యాపిస్తే అప్పుడు అంటువ్యాధి వైపు దృష్టి మళ్లించాలి. సామెతలోని వేళ శకునం చెబుతుంది. శాస్త్రంలో వేళ సాక్ష్యం చెబుతుంది.

రెండవది నీరు. చేపలు తమ మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియా పుడుతుంది. ఫిల్టరులోను, అడుగునున్న గులకరాళ్లపైన నివసించే బాక్టీరియాలు దీనిని మొదట నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియాలు తగినంతగా పెరగడానికి దాదాపు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పాత తొట్టెలోనైనా అవి అక్కడి చేపల సంఖ్యకు తగినంత మాత్రమే ఉంటాయి. ఒక్కసారిగా పది చేపలను చేర్చితే ఆ భారాన్ని మోయలేవు. అప్పుడు అమ్మోనియా పేరుకొని మొప్పలను దెబ్బతీస్తుంది. క్షారగుణం, వేడి ఎక్కువగా ఉన్న నీటిలో దాని విషప్రభావం మరింత అధికం. నైట్రైటు రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌ను మార్చివేయడం వలన అది ప్రాణవాయువును మోయలేదు. మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. చేపలు నీటి ఉపరితలానికి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. చూడడానికి నీరు స్వచ్ఛంగానే ఉండవచ్చు. అందుచేత కంటిని నమ్మక, పరీక్షా ద్రావణాలతో అమ్మోనియాను, నైట్రైటును కొలవాలి.

మూడవది చేప దేహం. ఒంటిపైన, వాజాలపైన ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపిస్తే అది తెల్లమచ్చ వ్యాధి కావచ్చు. దీనిని కలిగించే ఏకకణజీవి పేరు ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్. ఇది చేప చర్మం కింద చేరి పెరుగుతుంది. పెరిగిన తరువాత రాలి అడుగుకు చేరి, కోశం కట్టుకొని, వందలాది పిల్లజీవులుగా విడిపోతుంది. అవి ఒకటి రెండు రోజులలో మరొక చేపను పట్టుకోలేకపోతే నశిస్తాయి. సుమారు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ చక్రం వారం లోపే పూర్తవుతుంది. మందులు నీటిలో ఈదే పిల్లజీవులనే చంపగలవు. చర్మం కింద ఉన్నవాటిని చంపలేవు. కనుక చుక్కలు మాయమైనంత మాత్రాన చికిత్స ఆపరాదు. బంగారు ధూళి వంటి పూత కనిపిస్తే అది వేరొక పరాన్నజీవి పని. వాజాలు చిరిగి ఉంటే, అవి కుళ్లుతున్నాయా లేక తోటి చేపలు కరిచాయా అని గమనించాలి. లక్షణాలు కలగాపులగంగా ఉన్నప్పుడు ఒంటి జిగురును సూక్ష్మదర్శినిలో చూస్తేనే నిజం తేలుతుంది.

ఇక నేరం ఎవరిది? కొత్త చేప రోగాన్ని తెచ్చి ఉండవచ్చు. అయితే ఒకసారి తెల్లమచ్చ సోకి కోలుకున్న చేపలకు కొంత రోగనిరోధక శక్తి ఏర్పడుతుంది. అవి ఆరోగ్యంగా కనిపిస్తూనే కొద్దిపాటి పరాన్నజీవులను మోస్తూ ఉండవచ్చు. ప్రయాణపు బడలికతో వచ్చిన కొత్త చేప వాటికి సులభంగా లొంగిపోతుంది. అప్పుడు నింద మోసే చేపే నిజానికి బాధిత చేప అవుతుంది.

నిర్ణయం లేని మందు ప్రమాదకరం. కొన్ని యాంటీబయాటిక్‌లు రోగక్రిములతోపాటు ఫిల్టరులోని మేలుచేసే బాక్టీరియాలను కూడా చంపుతాయి. అప్పుడు అమ్మోనియా పెరిగి, రోగం లేని చేపలు కూడా చనిపోతాయి. రాగి కలిసిన మందులు నత్తలకు, రొయ్యలకు ప్రాణాంతకాలు. కాబట్టి ముందు నీటిని పరీక్షించి, దోషముంటే క్లోరిన్ తొలగించిన నీటితో కొంత భాగం మార్చడం, మేత తగ్గించడం, గాలి ఎక్కువగా అందించడం ఉత్తమం.

చికిత్స కంటె నివారణ మేలు. కొత్త చేపలను మూడు నాలుగు వారాలు వేరొక తొట్టెలో, వేరొక వలతో పెంచి, తరువాతనే కలపాలి. ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం, అంటే నేటి డుబ్రోవ్నిక్, 1377లోనే రోగపీడిత ప్రాంతాల నుండి వచ్చేవారిని ముప్పై రోజులు వేరుగా ఉంచింది. అదే ఆ తరువాత క్వారంటైన్‌గా స్థిరపడింది. 1990వ దశకం నడుమ మన కోస్తాజిల్లాల రొయ్యల చెరువులలో తెల్లమచ్చ వ్యాధి ప్రబలి ఎందరో రైతులను అప్పులపాలు చేసింది. వైరస్ వలన కలిగే ఆ వ్యాధికి, చేపల తెల్లమచ్చకు పేరులో తప్ప పోలిక లేదు. కాని రెండూ నేర్పే పాఠం ఒకటే. 2009లో మనదేశం వనామి రొయ్యల పెంపకానికి అనుమతించినప్పుడు, విదేశాల నుండి వచ్చే తల్లిరొయ్యలను పరీక్షించడానికి చెన్నై వద్ద నీలాంగరైలో క్వారంటైన్ కేంద్రాన్ని నెలకొల్పారు. గాజుతొట్టెకు వర్తించే నియమమే వేలాది కుటుంబాల బ్రతుకుతెరువుకూ వర్తిస్తుంది.

వచ్చినవారిని అనుమానించడం తేలిక. కారణాన్ని శోధించడం కష్టం. చూడడం, కొలవడం, పోల్చడం, ఆ తరువాతనే నిర్ణయించడం అనే క్రమాన్ని అలవరచుకున్నవారే నోరులేని ప్రాణికి న్యాయం చేయగలరు.