రాజ్యము పోయినను నిలిచిన యిల్లు

ఇంగ్లండునందలి గ్లాస్టర్‌షైరు మండలమున ఛెడ్‌వర్త్ అను గ్రామము కలదు. 1864వ సంవత్సరమున నచటి యడవిలో వేటకావలివాడొకడు, బొరియలో తప్పిపోయిన ముంగిసవంటి పెంపుడు జంతువునకై త్రవ్వుచుండగా రంగుల రాతిముక్కలు బయల్పడినవని చెప్పుదురు. జేమ్స్ ఫారర్ అను నాతడు త్రవ్వింపగా రోమకకాలపు భవనమొకటి వెలువడెను. 1924లో నది నేషనల్ ట్రస్టు అధీనమయ్యెను.

ఆ యింట స్నానశాలలు రెండు: ఆవిరిది యొకటి, పొడివేడిమిది యొకటి. నేలను పొట్టి స్తంభములపై నిలిపి, కొలిమి వేడిగాలిని దాని క్రిందను, గోడలలోని మట్టిగొట్టముల గుండను నడిపెడివారు. కొండదరి యూట నీరొసగెడిది. కట్టెలు మోసి కొలిమి రగిల్చిన చేతులను గూర్చి యా చిత్రశిలలు మాటాడవు.

410 ప్రాంతమున రోమక ప్రభుత్వము బ్రిటనును విడిచినంతనే యిట్టి భవనములు పాడుపడెనని చరిత్రకారులు తలచుచుండిరి. కాని 2020లో ప్రకటితమైన పరిశోధన యీ యభిప్రాయమును కదల్చినది. ఒక గదిగోడ పునాదిలోని బొగ్గును, ఎముకను రేడియోకార్బన్ పద్ధతిని పరీక్షింపగా, ఆ గోడ 424కు పూర్వము కట్టినది కాదని తేలెను. గదిలోని చిత్రశిలల నేల యంతకంటెను తరువాతిది. పనితనము మునుపటంతటిది కాదు, పొరపాట్లును గలవు. అయినను పని నిలువలేదు.

ఒక్క యిల్లు దేశమంతటికి సాక్షి కాజాలదు. నిజమే. కాని యేలికలు తొలగినచో నంతయు నంధకారమగునను మాటను 1947కు ముందు మనమును వింటిమి. ఆ మాట పలికినవారి దేశపు మన్నే నేడు దానికి బదులు చెప్పుచున్నది.