పనిబండి మీద కుంచె గీత

సరుకులు మోసే పాత వ్యానుకో, ట్రాలీ ఆటోకో చేత్తో బొమ్మలు వేయిస్తే సోకు కోసమే అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి పనిబండి మీది గీతకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. బండి ఎవరిదో చెబుతుంది, ఏ ఊరిదో చెబుతుంది, ఎంత బరువు మోస్తుందో చెబుతుంది. ఆ గీతల వెనకున్న కొన్ని విశేషాలు ఇవి.

చక్రం చూసి ఊరు చెప్పేవారు

మధ్య అమెరికాలోని కోస్టారికాలో 19వ శతాబ్దం మధ్య నుంచి కాఫీ గింజల్ని ఎద్దుబండ్ల మీద కొండలు దాటించి, పసిఫిక్ తీరంలోని పుంటారెనాస్ రేవుకు చేర్చేవారు. ప్రయాణానికి 10 నుంచి 15 రోజులు పట్టేది. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఆ బండ్లకు రంగులు వేయడం మొదలైంది. ఒక్కో ప్రాంతానిది ఒక్కో నమూనా. చక్రం మీది బొమ్మను బట్టి బండి తోలేవాడిది ఏ ప్రాంతమో పోల్చుకునేవారు. ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2005లో గుర్తించింది.

నిషేధం దాటిన కళ

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో పాలు, రొట్టెలు, పళ్లు మోసే గుర్రబ్బండ్ల మీద ‘ఫిలెతెయాదో’ అనే చిత్రకళ పుట్టింది. మెలికలు తిరిగే తీగలు, పూలు, నీడ దిద్దిన అక్షరాలు దీని గుర్తులు. గుర్రబ్బండ్లు పోయి లారీలు, బస్సులు వచ్చాక కుంచె కూడా వాటి మీదికి ఎక్కింది. 1975లో బస్సుల మీద దీన్ని నిషేధించారు. చిత్రకారులు మాత్రం పని మానలేదు, దుకాణాల బోర్డుల మీదికి మళ్లారు. నలభై ఏళ్ల తర్వాత, 2015లో, అదే కళ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మన పొరుగునున్న ఢాకా నగరపు రిక్షాలూ, వాటి మీది బొమ్మలూ 2023లో ఆ జాబితాలో చేరాయి.

రంగు వేయని వ్యాన్లు

జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ 1950 మార్చిలో సరుకుల వ్యాను తయారీ మొదలుపెట్టింది. బేకరీలు, దుకాణాలవాళ్లు తమకు నచ్చిన రంగు, తమ పేరు వేయించుకునేందుకు వీలుగా ప్రైమర్ మాత్రమే పూసిన వ్యాన్లను కూడా అమ్మేది. ఆ వ్యాన్ల కుటుంబానికే చెందిన 1963 నాటి ప్రయాణికుల బండి ఒకటి, ‘లైట్’ అన్న పేరుతో, 1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ప్రపంచం కంట్లో పడింది. దాని ఒళ్లంతా బొమ్మలతో నింపింది చిత్రకారుడు బాబ్ హైరోనిమస్. అసలు బండి తర్వాత ఆచూకీ లేకుండా పోయింది. ఉత్సవానికి 50 ఏళ్లు నిండుతున్న వేళ, అలాంటి బండే మరొకటి సంపాదించి, ఆయన ఆధ్వర్యంలోనే ఆ బొమ్మలన్నీ మళ్లీ వేశారు.

28 నిమిషాల్లో కారంతా

పనిబండ్లే కాదు, పందెం కారు కూడా కుంచె కిందికి వచ్చింది. 1979లో చిత్రకారుడు ఆండీ వార్హోల్ బీఎండబ్ల్యూ ఎం1 రేసు కారు మొత్తానికి తన చేత్తోనే రంగులు వేశారు. పట్టిన సమయం 28 నిమిషాలు. ఆ కంపెనీకి అంతకుముందు పనిచేసిన చిత్రకారులు చిన్న నమూనా మీద వేసి ఇస్తే, పనివాళ్లు దాన్ని అసలు కారు మీదికి ఎక్కించేవారు. వార్హోల్ రంగులేసిన కారు ఆ ఏడాదే లె మాన్స్ 24 గంటల పందెంలో పరుగెత్తి ఆరో స్థానంలో నిలిచింది.

చట్టం చెప్పిన రంగు

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు నేషనల్ పర్మిట్ లారీకి రంగు కూడా నిర్ణయించాయి. 2018 దాకా ఎండుటాకు రంగు వేసి, మందంగా తెల్ల అంచు కట్టాల్సి ఉండేది. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న వృత్తంలో ‘నేషనల్ పర్మిట్’ అని రెండు పక్కలా రాయాల్సి ఉండేది. లారీ మీద కనిపించే యు.ఎల్.డబ్ల్యు. ఖాళీ బండి బరువు, ఆర్.ఎల్.డబ్ల్యు. సరుకుతో కలిపి అనుమతించిన బరువు. వద్దన్న రాతలూ ఉన్నాయి. అనవసరంగా హారన్ కొట్టడాన్ని ప్రోత్సహిస్తోందంటూ ‘హార్న్ ఓకే ప్లీజ్’ను మహారాష్ట్ర 2015లో నిషేధించింది.

తెలుగు రాయడం వేరే విద్య

ఇంగ్లిష్ పెద్దక్షరాలకు రెండు గీతలు కొట్టుకుంటే చాలు, అన్నీ ఆ మధ్యలో ఇమిడిపోతాయి. తెలుగు అలా కాదు. పైన గుడులు, పక్కన కొమ్ములు, కింద ఒత్తులు. ‘శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర’ అని బండి నుదుట రాయాలంటే అక్షరానికి ఎంత చోటు కావాలో, దాని పైనా కిందా ఎంత వదలాలో ముందే లెక్క చూసుకోవాలి. పైగా మన అక్షరాలన్నీ గుండ్రన. కుంచెను వేళ్ల మధ్య తిప్పుతూ పోతేనే వంపు తెగకుండా వస్తుంది. బాపు చేతిరాత ఒరవడిని బోర్డుల మీదికి తెచ్చిన ఆర్టిస్టులకు ఈ వంపుల విలువ బాగా తెలుసు.

మగ్గం వర్కుకూ వ్యానుకూ ఒకటే కిటుకు

వ్యానుకు రెండు పక్కలా బొమ్మ ఒకేలా రావాలంటే కాగితం మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని బండికి అంటించి, బొగ్గుపొడి కట్టిన గుడ్డమూటతో అద్దితే చుక్కల బొమ్మ దిగుతుంది. కాగితం తిరగేస్తే రెండో పక్కకు అద్దంలో బొమ్మలా సరిపోతుంది. జాకెట్ల మీద మగ్గం వర్కు చేసేవాళ్లు డిజైన్ దించేదీ ఇలాగే. రోమ్‌లోని సిస్టైన్ చాపెల్ కప్పు మీద మైకెలాంజెలో కూడా ఈ పద్ధతి వాడారు.

కుంచెలో ఎవరి వెంట్రుకలు?

సన్నగీతకు ఉడుత తోక వెంట్రుకల కుంచెలు పేరుపొందాయి. మెత్తగా ఉండి, రంగును ఎక్కువ పట్టి, నెమ్మదిగా వదులుతాయి కాబట్టి పొడవాటి గీత మధ్యలో తెగదు. మన దగ్గర ముంగిస వెంట్రుకల కుంచెలు ఒకప్పుడు బాగా అమ్ముడయ్యేవి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిస రక్షిత జంతువు, ఆ కుంచెల అమ్మకం నేరం. ఇప్పుడు సింథటిక్ కుంచెలు దొరుకుతున్నాయి, అవి కొనడమే న్యాయం.

అసలు కష్టం రంగుకు ముందే

పాత వ్యానుకు ముందు టింకరింగ్. తుప్పును లోహం కనిపించేదాకా గీకి, ప్రైమర్ కొట్టి, సొట్టల్లో లప్పం పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్దాలి. పాత రంగు బాగున్నచోట కూడా మెరుపు పోయేదాకా రుద్దకపోతే కొత్త రంగు పట్టు దొరక్క పెచ్చులూడుతుంది. మైనం, నూనె మరక మిగిలితే అక్కడ రంగు పరుచుకోకుండా గుంటలు పడుతుంది.

ఎనామెల్ ఎందుకు?

ఎనామెల్ నిదానంగా ఆరుతుంది. ఆ వ్యవధిలో కుంచె చారలు వాటంతట అవే సర్దుకుని నున్నగా అవుతాయి. ఒకప్పుడు పసుపు, నారింజ రంగుల మెరుపు సీసం సమ్మేళనాల నుంచి వచ్చేది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. పాత బండి రంగులో సీసం ఉండొచ్చు. దాన్ని గీకేవాళ్లు పొడిగా కాకుండా తడిపి రుద్దడం, మాస్కు కట్టుకోవడం అందుకే అవసరం.

స్టిక్కర్‌కు లేని సుగుణం

స్టిక్కర్ చిరిగితే ముక్కకు ముక్క అతకదు, మొత్తం మార్చాల్సిందే. కుంచెపని గీసుకుపోతే పోయినచోట దిద్దుకుంటే సరిపోతుంది. ఈసారి మీ బండికి రంగు వేయించేటప్పుడు మీ ఊళ్లో కుంచె పట్టే ఆర్టిస్టును వెతికి పిలవండి. రేటు మాట్లాడేటప్పుడు, లప్పానికీ రుద్దుడుకూ పట్టే రోజులు కూడా లెక్కలో వేయండి. పని అయ్యాక కింది మూలన ఆయన పేరు, ఫోన్ నంబరు రాయించండి. బండి తిరిగిన ప్రతి వీధిలో ఆయనకు ఇంకో పని దొరికే అవకాశం ఉంటుంది.