స్టువర్టుపురం బడి లెక్క ఎవరు చెప్పాలి?

కెనడాలోని కామ్‌లూప్స్‌లో చర్చి నడిపిన పాత వసతి పాఠశాల ఆవరణలో 215 మంది ఆదివాసీ పిల్లల సమాధులు ఉండవచ్చని 2021 మేలో వార్త వచ్చింది. నాటి నుంచి హుస్సేనీ ఆలంలో నేను చరిత్ర చెప్పే తరగతిలో ఒక ప్రశ్న తరచూ ఎదురవుతోంది: మన దగ్గర ఇలాంటి బడులు లేవా? నేను స్టువర్టుపురం పేరు చెబుతాను. పిల్లలు నవ్వుతారు. వారికది దొంగల సినిమా పేరు. 1991లో ఒకటి, 2023లో మరొకటి. ఆ ఊరు ఒక క్రైస్తవ సంస్థ కాపలాలో పుట్టిన నిర్బంధ నివాసమని, బడి కూడా ఆ నిర్బంధంలో భాగమని వారికెవరూ చెప్పలేదు.

1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చిన ఆంగ్ల అధికారులు దానికి ఆధారాన్ని ఇంగ్లండు నుంచి తెచ్చుకోలేదు, మన కులవృత్తి నుంచే తీసుకున్నారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది వారి వాదన. అలాంటప్పుడు పిల్లవాడే అసలు ముద్దాయి. 1897 సవరణ నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణాలయాల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వాలకిచ్చింది. 1911 చట్టంతో ఇదంతా మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది.

ఇక్కడ ఆ చట్టం ముఖ్యంగా ఎరుకల మీద పడింది. ఎడ్లమీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు చేర్చి ధాన్యం తెచ్చుకున్న సంచార వర్తకులు వారు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, ఆపైన రైలు వారి బతుకుతెరువును తీసేశాయి. తీసేసిన ప్రభుత్వమే వారు ఊరూరా ఎందుకు తిరుగుతున్నారని అడిగింది!

బాపట్ల, చీరాల మధ్య 1913 ప్రాంతంలో వెలసిన సెటిల్‌మెంటుకు మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి, అంటే మన తెలుగు క్రైస్తవులు రక్షణ సైన్యం అనే సంస్థకు, అప్పగించారు. కావలిలో ఇదే పని అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేసింది. హాజరు పిలుపు, ఊరు దాటాలంటే పాసు, చీరాల పొగాకు కర్మాగారంలో కూలి, ప్రార్థన, పిల్లలకు బడి. కెనడాలో పిల్లలను ఇంటినుంచి ఎత్తుకుపోయి బడిలో పెట్టారు. ఇక్కడ ఇంటినే కంచెలోకి తెచ్చారు. అయినా రెండుచోట్లా నమ్మకం ఒక్కటే: తల్లి ఒడి నుంచి బిడ్డకు అంటేది జబ్బేనని. పాఠం చెప్పే సంస్థ, పాసు రాసే సంస్థ ఒకటే అయినప్పుడు ఆ చదువును సేవ అని మాత్రమే పిలవడం నాకు సమ్మతం కాదు.

అయితే నింద అంతా మిషనరీల మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం ఇంకా పెద్ద అన్యాయం. ఆనాడు ఊరిబడి అరుగు మీద ఎరుకల పిల్లవాడికి చోటెక్కడిది? పలకా బలపం ఇచ్చింది ఆ తెల్లవాళ్లే. ఆ అక్షరాలతోనే ఉద్యోగాల్లోకి వెళ్లిన కుటుంబాలున్నాయి. కంచె పోయాక కూడా ఊరి పేరు చెబితే పని పుట్టనిది మన సమాజంలోనే. స్వాతంత్ర్యానంతరం ఆ ఊరికి సంస్కరణ పేరుతో కాకుండా మనుషుల కోసం వెళ్లినవారిలో ముందు గుర్తొచ్చేది జాషువా కుమార్తె హేమలతా లవణం. అంటరానితనం ఎరిగిన ఇంటి బిడ్డ ఆమె.

కెనడా ప్రధాని 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. సత్యశోధన సంఘం వేలాది మంది బాధితుల మాటలు నమోదు చేసింది. 2022లో పోప్ ఫ్రాన్సిస్ అక్కడికే వెళ్లి క్షమాపణ కోరారు. మనం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న చట్టాన్ని రద్దుచేసి, దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాం. ఆ ముద్ర జైలు మాన్యువళ్లలో ఇంకా మిగిలే ఉందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. రౌడీషీటు మాట వింటూ పెరిగే పాతబస్తీ పిల్లలకు, కాగితం మీదికెక్కిన పేరు ఎంతకాలం ఉంటుందో నేను వివరించనక్కరలేదు.

మన రెండు తెలుగు ప్రభుత్వాలూ మద్రాసు పాత దస్త్రాలున్న ఎగ్మూరు నుంచి, సాల్వేషన్ ఆర్మీ లండన్ భాండాగారం నుంచి ఈ సెటిల్‌మెంట్ల కాగితాల ప్రతులు తెప్పించి తెలుగులో అచ్చువేయాలి. ఆ బడిలో కూర్చున్నవారి మాటలనూ రికార్డు చేయాలి. 1947లో ఆరేళ్లున్నవారికి ఇప్పుడు ఎనభై దాటాయి.