మంట యను మాట: మాంసకృత్తు సాక్ష్యము

అమరావతీ ప్రాంతమునను, పలనాటి నల్లరేగడి నేలలలోను మిరప ముఖ్యమగు పంట. కల్లములలో తొడిమలు తీయు కూలీలు 'చేతులు మండుచున్నవి' అందురు. నిప్పు సోకినవాడును అదే మాట పలుకును. నిప్పు లేనిచోట మంట యనుట సాదృశ్యమూలకమగు లక్షణయని ఆలంకారికులు చెప్పవచ్చును. శరీరశాస్త్రము ఈ నిర్ణయమును మరల విమర్శింపుమనుచున్నది.

ప్రాణి తన అంతఃస్థితిని నిలుపుకొనుటకు మార్పును ముందుగా గుర్తింపవలెను. జీవకణపు పొరలోని కొన్ని మాంసకృత్తులు ఆ పని చేయును. వీనికి గ్రాహకములని పేరు. అందు టి.ఆర్.పి.వి.1 అనునది ఒక ద్వారము వంటిది. ఉష్ణత సుమారు 43 సెంటిగ్రేడు డిగ్రీలు దాటగనే అది తెరచుకొనును. కాల్షియము, సోడియము అయానులు నాడీకణమున ప్రవేశించును. నాడి ఆ వార్తను మెదడునకు చేర్చును. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము ఆ మాంసకృత్తునకే అంటుకొని, వేడి లేకున్నను దానిని తెరచును. డేవిడ్ జూలియస్ బృందము 1997లో ఈ గ్రాహకమును గుర్తించినది. 2021లో ఆయన నోబెల్ బహుమానమును ఆర్డెమ్ పటపూటియన్‌తో పంచుకొనెను.

కారము తిన్నవానికి చెమట పట్టుట ఇందువలననే: వేడి సోకినట్లు వార్త అందిన దేహము తన్ను చల్లార్చుకొనును. నొప్పి తగ్గించుటకై ఈ ద్వారమును మూయు మందులను మనుష్యులపై పరీక్షింపగా, కొందరికి దేహోష్ణత పెరిగినది; కొందరు హానికరమగు వేడిని సరిగా గుర్తింపలేకపోయిరి. బాధను తెలుపు గ్రాహకమే దేహమును కాపాడుచున్నదని దీనివలన తేలినది. పక్షుల గ్రాహకము వేడిని గుర్తించును గాని కాప్సైసిన్‌కు దాదాపు చలింపదు. కావుననే అవి మిరపపండ్లను సుఖముగా తినును.

మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు కారమిచ్చినవానిలో మిరియము ముఖ్యము. మిరియములోని పైపరిన్‌ కూడ ఈ ద్వారమునే తెరచును. కాయ కొత్తదయినను నాలుకకు అనుభవము కొత్తది కాదు.

ఆంగ్లమున వేడికిని కారమునకును ఒకే విశేషణము చెల్లును. తెలుగు ఈ రెంటిని వేరుపరచినది: గోరువెచ్చని నీరు వేడిదే గాని మంట పుట్టింపదు. వేడి హద్దు మీరినపుడును, కారము తగిలినపుడును మంట యందుము. ఇచటి సంబంధము కేవల సాదృశ్యము కాదు, కారణైక్యము. ఏ అర్థము ముందు పుట్టినదో శాసన కావ్య ప్రయోగములే తేల్చవలెను. ఆ రెండర్థములు ఒకే మాటలో ఏల ఇమిడినవో మాత్రము మాంసకృత్తు చెప్పుచున్నది. నిఘంటుకర్తలు ఈ సాక్ష్యమును ఉపేక్షింపరాదు.