ఒకే తెర, రెండు యంత్రములు

2005 మే 5వ తేదీన శ్రీహరికోట నుండి ఎగసిన పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు, కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల బరువుగల మరియొక ఉపగ్రహమును గొనిపోయెను. దాని పేరు హామ్‌శాట్. నాడు నెల్లూరు జిల్లాలోనున్న శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. లాభాపేక్ష లేక రేడియో నడుపు ఔత్సాహికులను హాములందురు. వారి కొఱకే ఇస్రో ఆ ఉపగ్రహమును నిర్మించెను. 2014 వరకు అది పనిచేసెను. నేడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము నుండియు హాముల ప్రసారములు 145.8 మెగాహెర్ట్జులపై వినవచ్చుచున్నవి.

వీనిని పట్టుట కొంత శ్రమతో కూడిన పని. ఉపగ్రహము దిగంతమున పొడసూపి మఱల కనుమరుగగుటకు పట్టునది పది పండ్రెండు నిమిషములే. రేణిగుంట దాపున పట్టాల ప్రక్క నిలిచినవారికి రైలుకూత దగ్గఱగునపుడు హెచ్చుస్థాయిలోను, దాటిపోవునపుడు తగ్గుస్థాయిలోను వినబడును గదా! అట్లే ఉపగ్రహ తరంగము కూడ మొదట మూడు కిలోహెర్ట్జుల పైచిలుకు హెచ్చి, పిదప అంతయు తగ్గును. ఇదియే డాప్లరు ప్రభావము. కావున ఉపగ్రహమున్న చోటును చూపు కంప్యూటరును, తరంగము జాడను చూపు రేడియోను ఏకకాలమున గమనింపవలయును. బల్లమీద మానిటరొక్కటే యున్న పాఠశాలలో చిక్కంతయు ఇక్కడనే.

నేటి కొన్ని రేడియోలకు బయటి మానిటరును తగిలించు వీలు కలదు. మానిటరునకు రెండు తీగలు తగిలించు వసతి యున్నచో ఒకటి కంప్యూటరునకు, ఒకటి రేడియోకు కలిపి, మీట నొక్కి మార్చుకొనవచ్చును. పంచుకొనుట ఈ సీమకు క్రొత్తయా? తిరుపతికి చేరువనున్న గాదంకి రాడారులో తరంగములను పంపునవియు, ప్రతిధ్వనులను గ్రహించునవియు ఆ 1024 యాంటెనాలే.

అయితే తెరపై చిత్రము మారుటకు రెండు మూడు సెకండ్లు పట్టును. ధ్వనిని కూడ ఆ తీగ గుండనే పంపినచో అంతసేపును మాట తెగిపోవును. చిత్రము మారినను చెవి మారరాదు. స్పీకరు ఎల్లప్పుడు రేడియోకే ఉండవలయును. చేతిలో సొమ్ము తక్కువయైన బడికి, కంప్యూటరునకు తగిలించు వేలెడంత రిసీవరే మేలు. పటమును, తరంగమును ఒకే తెరపై ప్రక్కప్రక్కన కనబడును, మార్చు పనియే లేదు. కాని దానితో వినుటయే గాని పలుకుట లేదు.

ఒక్కొక్కప్పుడు మానిటరే శత్రువగును. దాని విద్యుత్ సరఫరా భాగమును, తీగయు సన్నని రేడియో రొదను వెదజల్లును. బలహీనమైన సంకేతమును వినుచు మానిటరును ఒకమాఱు ఆర్పి చూడవలయును. హోరు తగ్గినచో దోషి అదియే. తీగకు ఫెరైటు ఉంగరమును తొడిగి, యాంటెనాను బల్ల దగ్గఱి నుండి మిద్దెమీదికి మార్చినచో అది చాలవఱకు అణగును.