అవ్వ పావు, అమ్మాయి తక్కెడ

మా చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతపు తెలుగిళ్లలో వంట చెప్పే పెద్దవాళ్లు గ్రాముల మాట ఎత్తరు. శేరు, అచ్చేరు, పావు - ఇవే వారి లెక్కలు. శేరులో సగం అచ్చేరు, నాలుగో వంతు పావు. ఆ మాటలు వినని పిల్లలు తక్కెడ పట్టుకొని అదే వంట చేయబోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాము.

పోయిన వేసవిలో మా పెద్దమ్మాయి బెంగుళూరులో కొత్తగా కాపురం పెట్టింది. శ్రీనివాసపురం మామిడికాయలు తెప్పించుకొని, ఊరగాయ ఎట్లా పెట్టాలని వాళ్ల అవ్వను ఫోనులో అడిగింది. "ఆరు పావుల ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి సమంగా ఒక్కొక్క పావు వెయ్యి తల్లీ" అన్నది మా అమ్మ. పిల్ల దగ్గర పావు లేదు. ముక్కలు గ్లాసుతో కొలిచింది. గ్లాసు కారం తూచితే 100 గ్రాములు వచ్చింది. సమమన్నారు గదా అని ఉప్పు, ఆవపిండి కూడా నూరేసి గ్రాములు తూచి కలిపింది. పదిహేను రోజులకే జాడీలో బూజు!

"అవ్వ చెప్పినట్టే వేసినానే, నాయనా!" అని పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. మా అమ్మ అంతకంటె నొచ్చుకొన్నది. "నాకే మతి తప్పుతున్నట్టుంది, ఇంక నన్నేమీ అడగవద్దండి" అన్నది.

తప్పు ఇద్దరిదీ కాదు. అవ్వ సమమన్నది కొలతలో, మనవరాలు సమం చేసింది తూకంలో. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు కారం సుమారు 100 గ్రాములు తూగితే, మెత్తని ఉప్పు సుమారు 240 గ్రాములు తూగుతుంది. అంటే పడవలసిన ఉప్పులో సగమైనా పడలేదు. ఉప్పు చాలని ఊరగాయ నిలుస్తుందా?

లీటరుకు కిలో అనే లెక్క నీళ్లకే సరి. అదే గ్లాసుకు, తల కొట్టి పోస్తే, నూనె సుమారు 185 గ్రాములు, చక్కెర 170, కందిపప్పు 170, బియ్యం 165, గోధుమపిండి 105 తూగుతాయి. పిండి నొక్కి పోస్తే ఒక తూకం, జల్లించి పోస్తే మరొక తూకం. కళ్లుప్పుకు సందులెక్కువ గనుక మెత్తని ఉప్పుకంటె గ్లాసుకు తక్కువ తూగుతుంది.

పాత శేరులోనూ ఒక చిక్కున్నది. బియ్యం, రాగులు కొలిచే శేరు వేరు, బెల్లం, చింతపండు తూచే శేరు వేరు. మైసూరు సీమలో తూకపు కచ్చా శేరు 24 తులాలు, అనగా సుమారు 280 గ్రాములు. పక్కా శేరు 80 తులాలు, సుమారు 933 గ్రాములు. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, 1962 ఏప్రిల్ నాటికి అంగళ్లలో ఈ శేర్లన్నీ పోయినవి. ఇళ్లలో మాట మాత్రం మిగిలింది. కాబట్టి ఓళిగలకు "శేరు బెల్లం" అని పెద్దవాళ్లు చెబితే, ఏ శేరని అడిగి తెలుసుకోవాలి.

తక్కెడ లేనివారికి కూడా సులువైన దారి ఉన్నది. అరకిలో పొట్లం విప్పి, మీ ఇంటి గ్లాసుతో తల కొట్టి కొలవండి. మూడు గ్లాసులైతే గ్లాసుకు సుమారు 167 గ్రాములన్నమాట. ఒక్కొక్క సరుకుకూ ఇట్లాగే చూసి, కాగితం మీద రాసి, అలమర తలుపు లోపల అంటించుకోండి.

నేనూ అదే చేశాను. అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, ఆమె ఇత్తడి పావుతోనే ఒక్కొక్క సరుకూ కొలిపించి తూచాను. ఉప్పు తూకం, కారం తూకం పక్కపక్కన చూపితే, "చూస్తివా, నేను చెప్పింది సరే గదా!" అని తేలికపడింది. ఆ సాయంత్రం తానే మనవరాలికి ఫోను చేయించి, ఊరగాయ లెక్క మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఈసారి గ్రాములతో సహా.

మీ ఇంట్లో అటక మీద పాత పావు ఉంటే దింపండి. కొలిచి చూపే చేయి ఇంట్లో ఉండగానే తూచి రాసి పెట్టుకోండి.