పుట్టింటి పాస్‌బుక్కు, మెట్టినింటి లెక్క

పెళ్లయి అమెరికా వెళ్తున్న ఆడపిల్లకు సూట్‌కేసులు సర్దే వారం రోజులూ సలహాలకు కొదవుండదు. ఆవకాయ ఎలా ప్యాక్ చేస్తే నూనె కారదో పిన్ని చెబుతుంది. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఏమడుగుతారో అన్నయ్య చెబుతాడు. అవన్నీ పనికొచ్చే మాటలే. చిక్కల్లా నాన్నగారి స్నేహితుడెవరో కాఫీ తాగుతూ ఇచ్చే పన్ను సలహాతోనే. "ఎన్నారై అయిపోయిందిగా, ఇక్కడి లెక్క తీరిపోయినట్టే. రెండు దేశాలకూ ఒప్పందం ఉంది, రెండోచోట ఏమీ చెప్పక్కర్లేదు." ఎంతో ధీమాగా చెప్పిన ఆ రెండు ముక్కల్లోనూ తప్పుంది.

ఉదాహరణకు ఒక అమ్మాయిని అనుకుందాం. పేరు లావణ్య. పుట్టిల్లు గుంటూరు జిల్లా, ఉద్యోగం హైదరాబాద్‌లో. 2025 మాఘమాసంలో పెళ్లయింది. భర్త కొన్నేళ్లుగా డల్లాస్‌లో హెచ్-1బి మీద పనిచేస్తున్నాడు. వీసా స్టాంపింగ్ అయ్యాక ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, జూన్ 30న హెచ్-4 వీసాతో డల్లాస్‌లో దిగింది. ఇలాంటి అమ్మాయి చుట్టూ తిరిగే అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: విమానం ఎక్కిన రోజు నుంచే ఎన్నారై

వాస్తవం: మన ఆదాయపు పన్ను చట్టం వీసాను చూడదు, రోజులు లెక్కపెడుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా దేశంలో 182 రోజులున్నవారు ఆ ఏడాదికి నివాసి. లావణ్య ఉన్నది 91 రోజులే. ఇక్కడితో లెక్క ఆపేసి రిటర్న్‌లో ఎన్నారై అని టిక్కు పెట్టేవాళ్లే ఎక్కువ. కానీ పక్కనే ఇంకో కొలత ఉంది. ఆ ఏడాదిలో 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉన్నా నివాసే. ఉద్యోగం కోసం దేశం విడిచే భారత పౌరులకు మాత్రం ఆ 60 స్థానంలో 182 పెట్టి సడలింపు ఇచ్చారు. లావణ్య వెళ్తున్నది ఉద్యోగానికి కాదు, కాపురానికి.

అంటే అదే విమానంలో పక్క సీట్లో కూర్చుని, హెచ్-1బి మీద మొదటిసారి ఉద్యోగానికి వెళ్తున్న కుర్రాడు 2025-26కి ఎన్నారై. లావణ్య నివాసి. చట్టం రాసినవాళ్లకు ఈ తేడా తట్టిందో లేదో గానీ, దాని బరువు మాత్రం డిపెండెంట్ వీసా మీద వెళ్లే ఆడపిల్లల మీదే పడుతోంది. భర్త జీతం ఆమె లెక్కలోకి రాదనుకోండి. అయితే డల్లాస్ బ్యాంకులో ఇద్దరి పేరా తెరిచిన జాయింట్ ఖాతాను ఆ ఏడాది భారత రిటర్న్‌లోని విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి. దాని మీద తన వాటాకు వడ్డీ వస్తే అదీ చెప్పాలి. 2026 ఏప్రిల్ నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చినా ఈ రోజుల లెక్క మాత్రం కొనసాగుతోంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. బ్యాంకులు నడుచుకునేది విదేశీ మారక చట్టమైన ఫెమా ప్రకారం. అది రోజులతో పాటు ఉద్దేశాన్నీ చూస్తుంది. ఎన్నాళ్లుంటామో తెలియని పద్ధతిలో దేశం విడిచినవారు ఆ చట్టానికి వెంటనే ప్రవాసులే. కాబట్టి పాత సేవింగ్స్ ఖాతాను అలాగే ఉంచకుండా ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఒకే మనిషి ఒకే రోజున పన్ను శాఖకు స్వదేశి, బ్యాంకుకు ప్రవాసి.

అపోహ: నాకు ఉద్యోగం లేదు, అమెరికా ఫైలింగ్ ఆయన చూసుకుంటారు

వాస్తవం: అమెరికాది జనవరి నుంచి డిసెంబర్ దాకా క్యాలెండర్ ఏడాది. అక్కడా రోజుల లెక్కే. ఈ ఏడాది రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏటి రోజుల్లో ఆరో వంతు కలిపితే 183కి చేరాలి. ఈ ఏడాదిలో కనీసం 31 రోజులు అక్కడ ఉండి తీరాలి. జూన్ 30న దిగిన లావణ్యకు డిసెంబర్ 31 నాటికి 185 రోజులవుతాయి. అంటే దిగిన రోజు నుంచి అమెరికాకూ ఆమె నివాసే. ఆ కొన్ని నెలలూ రెండు దేశాలూ ఆమెను తమ మనిషే అంటాయి. ఇలాంటప్పుడు శాశ్వత ఇల్లు ఎక్కడుంది, జీవిత బంధాలు ఎక్కడున్నాయి అని వరసగా చూసి తేల్చే పద్ధతి రెండు దేశాల పన్ను ఒప్పందంలో ఉంది.

ఏడాది మధ్యలో వచ్చినవారు మామూలుగా జాయింట్ రిటర్న్ వేయడానికి వీల్లేదు. దంపతులిద్దరూ సంతకం చేసిన ప్రకటన జతచేసి, ఏడాదంతా ఇద్దరినీ నివాసులుగా లెక్కించమని కోరితే మాత్రం వేయొచ్చు. 2025కి జాయింట్ రిటర్న్‌లో 31,500 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది కనుక ఎక్కువమందికి ఇదే లాభం. మెలిక ఏమిటంటే, ఏడాదంతా అంటే ఏడాదంతానే. జనవరి నుంచి జూన్ దాకా హైదరాబాద్‌లో తీసుకున్న జీతమూ అందులో రాయాల్సిందే. ఆ జీతం మీద ఇక్కడ కట్టిన పన్నును ఫారం 1116 ద్వారా తగ్గించుకోవచ్చు. జీతం సంగతి రాయకుండా డిడక్షన్ మాత్రం తీసుకున్న జంటలు కొల్లలు. భర్త కావాలని దాచాడని కాదు, అడగాలని అతనికి తోచదు, చెప్పాలని ఆమెకు తెలియదు.

హెచ్-4 మీద ఉన్నవారికి పని అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వరు. రిటర్న్ కోసం ఫారం డబ్ల్యూ-7 పెట్టి ఐటిన్ నంబర్ తీసుకోవాలి. అది పన్ను దాఖలుకే తప్ప ఉద్యోగానికి పనికిరాదు. వరసగా మూడేళ్లు ఏ రిటర్న్‌లోనూ వాడకపోతే గడువు తీరిపోతుంది.

జాయింట్ రిటర్న్ మీద సంతకం చేస్తే అందులోని ప్రతి అంకెకూ ఇద్దరూ విడివిడిగానూ ఉమ్మడిగానూ బాధ్యులు. రేపు బకాయి తేలితే మొత్తం భార్య దగ్గరే వసూలు చేసుకునే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. ఫోన్లో "ఇక్కడ సైన్ చెయ్" అని వచ్చిన లింకు నొక్కే ముందు, పీడీఎఫ్ తెరిచి చదవమనండి మీ అమ్మాయిని.

అపోహ: ఒప్పందం ఉంది కదా, ఒకచోట కడితే చాలు

వాస్తవం: భారత్, అమెరికాల పన్ను ఒప్పందం మీద 1989 సెప్టెంబర్‌లో సంతకాలయ్యాయి. ఒకే ఆదాయం మీద రెండుసార్లు పూర్తి పన్ను పడకుండా అది కాపాడుతుంది. రెండు చోట్లా చెప్పే పని నుంచి మాత్రం తప్పించదు. కట్టడం వేరు, చెప్పడం వేరు.

ఎన్‌ఆర్‌ఓ ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతే చూడండి. ప్రవాసి వడ్డీ మీద బ్యాంకు సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. ఒప్పందం ప్రకారమైతే 15 శాతానికి మించకూడదు. తాను అమెరికా నివాసినని అక్కడి పన్ను శాఖ ఇచ్చే ధ్రువపత్రం బ్యాంకుకు ఇవ్వాలి, లేదా ఇక్కడ రిటర్న్ వేసి తేడాను వాపసు తెచ్చుకోవాలి. ఈ శ్రమ ఎందుకులే, మొత్తం 31.2 శాతాన్నీ అమెరికాలో క్రెడిట్‌గా చూపిద్దాం అనుకుంటే కుదరదు. తప్పనిసరి కాని పన్ను కట్టావు, అది నీ ఇష్టం, మేం ఇచ్చే క్రెడిట్ 15 శాతానికే అంటుంది అమెరికా. పోయిన సొమ్ము గుంటూరులో పోయినట్టే.

ఏడాది తేడా కూడా గుర్తుండాలి. బ్యాంకు ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్లోని అంకెను యథాతథంగా అమెరికా రిటర్న్‌లో ఎక్కించడానికి లేదు. జనవరి-మార్చి వడ్డీ అక్కడ ఒక ఏడాదిలో, ఏప్రిల్-డిసెంబర్ వడ్డీ ముందటి ఏడాదిలో పడుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి నెలవారీగా కూడుకోక తప్పదు.

అపోహ: ఇండియాలో పన్ను లేని ఆదాయానికి అమెరికాలోనూ ఉండదు

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, బ్యాంకు ప్రకటనల్లో ఆ మాటే పెద్ద అక్షరాలతో ఉంటుంది. అమెరికాలో అది మామూలు వడ్డీయే, పూర్తిగా పన్ను పడుతుంది. ఇక్కడ ఏమీ కట్టలేదు కనుక క్రెడిట్‌గా చూపించడానికీ ఏమీ ఉండదు.

ఇక పొలం. పసుపు కుంకుమ కింద రెండెకరాలు రాసిచ్చే ఆనవాయితీ కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల్లో ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పక్కర్లేదు. ఆ పొలం కౌలు ఇక్కడ వ్యవసాయ ఆదాయం, కేంద్రానికి పన్ను లేదు. కౌలు డబ్బు నాన్నే తీసుకుని తన ఖర్చులకు వాడుకుంటుంటాడు, కూతురికి ఎంతొస్తుందో కూడా తెలియదు. అమెరికా దృష్టిలో మాత్రం భూమి పట్టా ఎవరి పేరున ఉంటే ఆ కౌలు వాళ్ల ఆదాయం. కాబట్టి రిటర్న్‌లో రాయాలి.

భూమి విషయంలో తండ్రులకు తెలియాల్సింది ఇంకోటుంది. నివాసిగా ఉన్నప్పుడు వచ్చిన పొలాన్ని ప్రవాసి అయ్యాకా ఉంచుకోవచ్చు, వారసత్వంగా పొందొచ్చు. ప్రవాసి అయ్యాక వ్యవసాయ భూమిని కొనడానికీ, గిఫ్ట్ డీడ్ ద్వారా తీసుకోవడానికీ ఫెమా ఒప్పుకోదు. "వచ్చే సంక్రాంతికి వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం" అని వాయిదా వేసినవాళ్లు ఈ గోడకే తగులుకుంటారు.

మన మ్యూచువల్ ఫండ్ల సంగతి ఇంకా కష్టం. వాటిని అమెరికా ఒక ప్రత్యేక తరగతి విదేశీ కంపెనీలుగా చూస్తుంది. సాధారణంగా ఫండుకో ఫారం 8621 నింపాలి. అమ్మినప్పటి లాభాన్ని చేతిలో ఉన్న ఏళ్లకు పంచి, అమెరికా నివాసి అయ్యాక గడిచిన ఏళ్ల వాటా మీద గరిష్ఠ రేటుతో పన్నూ, దాని మీద వడ్డీ వేస్తారు. నెలకు 5,000 రూపాయల సిప్ కోసం అకౌంటెంటుకు కట్టే ఫీజు, ఫండు లాభాన్ని మించిపోయే సందర్భాలుంటాయి. నా మట్టుకు నేను చెప్పేది, వెళ్లే ముందే అమ్మేసుకోవడం మేలు. జాయింట్ రిటర్న్ కోరుకుంటే ఏడాదంతా లెక్కలోకి వస్తుంది కనుక, వెళ్లే ఏటి కంటే ముందటి డిసెంబర్ లోపే అమ్మితే ఇంకా మేలు.

అపోహ: బంగారం, ఇల్లు కూడా అమెరికాకు చెప్పాలి

వాస్తవం: అక్కర్లేదు. లాకర్లోని నగలు, సొంత పేరున ఉన్న ఇల్లు, పొలం ఆర్థిక ఖాతాలు కావు. విదేశీ ఖాతాలు, ఆర్థిక ఆస్తుల సంగతి అమెరికాకు చెప్పే ఎఫ్‌బార్‌లోగానీ ఫారం 8938లోగానీ వాటిని రాయరు. ఇంటి అద్దె, అమ్మితే వచ్చే లాభం మాత్రం రిటర్న్‌లోకి వస్తాయి.

అపోహ: అది నాన్న డబ్బు, నా పేరు ఊరికే పెట్టారు

వాస్తవం: ముందుజాగ్రత్తగా తన ఖాతాలో కూతురి పేరు కలపడం మన తండ్రులకు అలవాటు. ఎఫ్‌బార్ లెక్కలో జాయింట్ ఖాతా నిల్వ మొత్తం ఆమెదిగానే చూపాలి, సగం కాదు. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా విదేశీ ఖాతాలన్నింటి నిల్వ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వేయాలి. సేవింగ్స్, డిపాజిట్లు, పీపీఎఫ్, నగదు విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీ అన్నీ లెక్కే. నాన్న రిటైర్మెంట్ డబ్బు ఆ ఖాతాలో పడితే ఒక్క పూటలో ఆ పరిమితి దాటిపోతుంది.

ఎఫ్‌బార్ పన్ను కాదు, ఒట్టి సమాచారం. పన్ను శాఖకు కాకుండా ఫిన్‌సెన్ అనే వేరే విభాగానికి ఆన్‌లైన్‌లో వెళ్తుంది, రుసుము లేదు. గడువు ఏప్రిల్ 15, దానంతటదే అక్టోబర్ 15 దాకా పొడిగింపు. జాయింట్ రిటర్న్ వేశాం కదా, భర్త ఎఫ్‌బార్‌తో సరిపోతుంది అనుకోవడం ఇంకో పొరపాటు. ఖాతాలన్నీ దంపతులిద్దరి పేరునే ఉంటే తప్ప భార్య తనది తాను వేయాలి.

వేయకపోతే ఏమవుతుందో బిట్నర్ అనే వ్యక్తి కేసు చెబుతుంది. 272 ఖాతాల సంగతి సకాలంలో చెప్పనందుకు ఆయనకు 27 లక్షల 20 వేల డాలర్ల జరిమానా వేశారు. ఉద్దేశపూర్వకం కాని తప్పుకు జరిమానా ఖాతాకొకటి కాదు, వేయని రిపోర్టుకొకటి అని 2023లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక అది 50,000కి దిగింది. దిగాక కూడా 50,000 డాలర్లు.

మన ఊరి బ్యాంకులో ఉన్నది వాళ్లకెలా తెలుస్తుందంటారా? 2015 జులైలో రెండు ప్రభుత్వాలూ ఫాట్కా ఒప్పందం మీద సంతకం చేశాయి. అప్పటి నుంచి అమెరికా పన్ను నివాసుల ఖాతాల వివరాలు మన బ్యాంకుల నుంచి మన పన్ను శాఖ మీదుగా అక్కడికి వెళ్తున్నాయి. కేవైసీ ఫారంలో పన్ను నివాస దేశం ఏదని అడిగేది అందుకే.

అపోహ: ఇంటి డౌన్‌పేమెంటుకు నాన్న పంపే డబ్బు మీద కూతురు పన్ను కట్టాలి

వాస్తవం: కట్టనక్కర్లేదు. విదేశంలో ఉన్నవారి నుంచి ఒక ఏడాదిలో లక్ష డాలర్లు మించి కానుకగా వస్తే ఫారం 3520లో చెప్పాలి, అంతే.

ఇదంతా చదివి, మూడేళ్ల క్రితం వెళ్లిన మీ అమ్మాయి ఇవేవీ చేయలేదని గుర్తొస్తే కంగారు పడకండి. ఆదాయమంతా రిటర్న్‌లో చూపించి ఎఫ్‌బార్ ఒక్కటే మర్చిపోయినవారు కారణం రాసి ఆలస్యంగా వేసుకోవచ్చు, మామూలుగా జరిమానా ఉండదు. ఆదాయం కూడా వదిలేసి, అది తెలియక జరిగిన తప్పయితే, అమెరికాలో ఉంటున్నవారికి విదేశీ ఆస్తుల మీద 5 శాతం జరిమానాతో సరిచేసుకునే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. రెండు దేశాల రిటర్న్‌లూ తెలిసిన అకౌంటెంటును ఈ వారమే పట్టుకోండి. అమెరికా పన్ను శాఖ తనిఖీ మొదలుపెట్టాక ఈ రెండు దారులూ మూసేస్తారు.